టోపీ సూది

"వెయ్! లుద్విక్, వెయ్!"

హాలంతా లేచి నిలబడింది. గడియారం చూసే మనిషి, ఆట ముగిసిందని పేల్చే పిస్తోలు అప్పటికే పైకెత్తాడు. రెండు జట్ల స్కోరూ సమానం. బంతి మా తమ్ముడి చేతిలో ఉంది. అడ్డుకునేవాడు లేడు. ఈస్ట్ బారో ఆటగాళ్ళిద్దరు ఒకరినొకరు గుద్దుకుని నేలమీద దొర్లుతున్నారు. తమ్ముడు హాలు వెచ్చబెట్టే బొగ్గు పొయ్యి పక్క మూలలో, ఆటస్థలం చుట్టూ కట్టిన ఇనప వలకి వీపు ఆనించి నిలబడ్డాడు. బుట్ట నాలుగంగల్లో ఉంది. అలాంటి బంతిని వాడు నిద్దట్లో లేపి ఇచ్చినా వేస్తాడు.

చేతులు పైకెత్తాడు.

అంతే. కెవ్వున అరిచి ఒంటికాలిమీద గెంతాడు. బంతి జారిపోయింది. ఈస్ట్ బారో వాడొకడు దాన్ని దొరకబుచ్చుకుని హాలు ఆ చివరికి పరిగెత్తి బుట్టలో వేసేశాడు. పిస్తోలు పేలింది.

నేను మేడమీద వసారాలో, నాతో పట్టుమిల్లులో పనిచేసే పిల్లలతో ఉన్నాను.

"కోడిపిల్లని తొక్కినట్టు అరిచాడేంటే నీ తమ్ముడు?" అంది పక్కపిల్ల.

నేనప్పటికే మెట్లు దిగుతున్నాను.

హాలు వెనక బొగ్గుకొట్టులోనే ఆటగాళ్ళు బట్టలు మార్చుకునేది. లుద్విక్ బొగ్గు బస్తామీద కూర్చుని మేజోడు కిందికి లాగాడు. పిక్క వెనక చిన్న గాటు. దాన్నుంచి సన్నని నెత్తుటి గీత మడమ దాకా.

"టోపీ సూది," అన్నాడు క్విగ్లీ. జట్టూ, హాలూ, పక్కనున్న సారాకొట్టూ అన్నీ ఆయనవే.

మా గని ఊరు డ్రమ్‌లీలో ఆడవాళ్ళు టోపీ జారకుండా జుట్టులో గుచ్చుకునే సూది జానెడు పొడవుంటుంది. ఆదివారం గుడిలో అది టోపీని పట్టుకుంటుంది. శనివారం ఆటలో వల సందుల్లోంచి దూరి అవతలి జట్టువాళ్ళ కాళ్ళు పట్టుకుంటుంది. అందులో తప్పేమీ లేదు. మేం ఈస్ట్ బారో వెళితే అక్కడి గని కుర్రాళ్ళు మేకుల్ని దీపం మీద కాల్చి మావాళ్ళమీద విసిరేవారు. మర్యాద చెయ్యడంలో ఎవరి పద్ధతి వాళ్ళది. కానీ సొంత ఊరి సూది సొంత ఆటగాడికి దిగడం అంతకు ముందెన్నడూ లేదు.

"ఎవరు?" అన్నాడు క్విగ్లీ.

"చూళ్ళేదు."

"వెనక్కి తిరిగావు. నేను చూశాను, నువ్వు తిరగడం."

"పొగ. ఏం కనపడుతుంది?"

క్విగ్లీ తలుపు మూశాడు. "వచ్చే ఏడాదికి ఈస్ట్ బారో వాళ్ళు నిన్ను రమ్మన్నారట. నిజమేనా?"

"రమ్మన్నారు. రానన్నాను."

"ఊళ్ళో అలా అనుకోవడంలేదు. నీకు నువ్వే గుచ్చుకున్నావంటున్నారు."

"చేతులు రెండూ బంతిమీద ఉన్నాయి. ముక్కుతో గుచ్చుకున్నానా?" అని నవ్వాడు లుద్విక్.

క్విగ్లీ నవ్వలేదు. "ఫైనల్లో చెరొకటీ గెలిచాం. వచ్చే శనివారం ఆఖరాట, ఇక్కడే. పొడిచిన మనిషి పేరు బయటికి రావాలి. నా చెవిలో కాదు, హాల్లో, నలుగురూ వినేలా. అందాకా నువ్వు వల లోపల అడుగుపెట్టవు. పేరు రాకపోతే మరింకే ఊళ్ళోనూ పెట్టవు. అమ్ముడుపోయాడన్న మాట పడ్డవాణ్ణి ఏ జట్టూ తీసుకోదు."

ఆయన చెడ్డవాడు కాదు. తలుపు అవతల ఊరంతా నిలబడి తలుపు బాదుతోంది.

*

ఆ చలికాలం మా ఇంటికి ఏం చేసిందో చెబితేగానీ, పోయేదేమిటో తెలియదు.

పందొమ్మిది వందల పదకొండు నవంబరులో క్విగ్లీ మా వంటగదిలోకి వచ్చి, లుద్విక్ బాస్కెట్‌బాల్ ఆడితే జీతమిస్తానన్నాడు. నాన్న సూపు తాగుతూ పొలమారాడు.

"బంతి విసిరితే జీతమా? ముప్పై ఏళ్ళబట్టి గనిలో పార విసురుతున్నాను, ఒక్కడైనా చప్పట్లు కొట్టాడా?"

నాయనమ్మ మాత్రం చేతిలో గరిట ఆడిస్తూ అంది, "పెళ్ళీడు మగాడు పొట్టి లాగేసుకుని ఊరిముందు గెంతుతాడా? నేను బతికుండగానే!"

అయినా లుద్విక్ గని మానేశాడు. తెల్లారకముందే కిందికి దిగి, పొద్దుపోయాక పైకొచ్చే మనిషి, చలికాలంలో ఎండ ముఖం చూడని మనిషి, మధ్యాహ్నంపూట వీధిలో నడిచి వస్తుంటే కొత్త పెళ్ళికొడుకుని చూసినట్టు గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళం. రంగు తేలాడు. ఈల వేసేవాడు. ఇంట్లో పొయ్యిమీద సూపుగిన్నె పక్కన బంతి ఆరుతూ ఉండేది. నాన్నేమో గది ఆ మూలనుంచి బొగ్గు బాల్చీలోకి క్యాబేజీలు విసిరి, "పడింది! పడింది!" అని తనకు తనే చప్పట్లు కొట్టుకునేవాడు.

మొదటి ఆటకి నాయనమ్మ వెళ్ళింది మనవణ్ణి చెవి పట్టుకుని లాక్కురావడానికి. వెళ్ళేసరికి అవతలివాడొకడు లుద్విక్ పొట్టలో మోచెయ్యి దింపాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి టోపీలోంచి సూది లాగింది. అది మొదలు పొయ్యి పక్క మూలలో ఆవిడ పీట ఆవిడకే. ఆ మూల ఆడవాళ్ళందరికీ ఆవిడే సేనాని. మనుషుల ముఖాలు సరిగా ఆనవు ఆవిడకి. "ముఖంతో నాకేం పని? కాలు ఆనితే చాలదా?" అనేది.

వచ్చిన జట్టుకి మొదటి సగం పొయ్యి పక్క బుట్ట ఇవ్వడం క్విగ్లీ ఎత్తు. పొయ్యి భగభగ మండించేవాడు. ఆ సెగకి వాళ్ళ చేతుల్లో బంతి సబ్బుబిళ్ళ అయిపోయేది. సగమయ్యాక మావాళ్ళు అటు మారేసరికి పొయ్యి చల్లారేది. అంతసేపూ నాయనమ్మ తన పని కానిచ్చి, సగం ఆటకి లేచి ఇంటికి పోయి మనవడి స్నానానికి నీళ్ళు పొయ్యిమీద పెట్టేది. లుద్విక్ గెలిచి వచ్చి తొట్టిలో కూర్చుంటే వెనకనుంచి వేడివేడి బంగాళాదుంప అట్టు అందించేది. మా వీధి ఆడపిల్లలు ఏదో వంకన ఉప్పుకో నిప్పుకో వచ్చి తడిక అవతలనుంచి, "గెలిచారటగా?" అని అడిగిపోయేవారు.

ఆటగాడిగా వాడి బతుకు ఆ ఒక్క చలికాలమే. వేసవిలో లీగు మూతపడింది, ఆ పైన వాడు రొట్టెల కొట్టు పెట్టుకున్నాడు. కానీ ఆ శనివారం అదేదీ మాకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. పేరు బయటికి రాకపోతే వాడు దొంగ అనిపించుకుని మళ్ళీ చీకట్లోకి దిగుతాడు.

*

"నా మూలలో!" అని అరిచింది నాయనమ్మ, మేం ఇంట్లో అడుగుపెట్టగానే. "నేను కూర్చున్న మూలలో, నా ముక్కుకింద, నా మనవణ్ణి పొడుస్తుందా! ఆ గోలలో నా పని నేను చూసుకుంటున్నాను, పక్కన ఏ పాపిష్టిది ఏం చేస్తోందో ఎవత్తి చూసింది? ఫెల్కా, రేపు పూజ అయ్యాక ఆ మూల ఆడవాళ్ళెవరూ ఇంటికి పోకూడదు. సూదులతో సహా రమ్మను," అని నాకు పురమాయించింది.

"నానమ్మా, పోనియ్యవే," అన్నాడు లుద్విక్.

"నువ్వు తిను," అంది ఆవిడ.

ఆదివారం గుడి కింద గదిలో పెద్ద బల్లమీద సూదులన్నీ వరసగా పరిచారు. ముత్యం తలవి, గాజు తలవి, వెండి పూత పోయినవి. నాయనమ్మ ఒక్కొక్కటీ తీసి వేలితో మొన చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"నెత్తురు వాసన పట్టేస్తావా పెద్దమ్మా?" అంది రొజాలియా వోజ్నీ. ఆవిడ కొడుకు సిల్వెస్టర్ మా జట్టులోనే అదనపు ఆటగాడు. లుద్విక్ ఆడకపోతే ఆడేది వాడే.

"పట్టేస్తాను. నీ సూదే ఉల్లిపాయ వాసనొస్తోంది."

"పొద్దున్న దాంతో దుంప ఉడికిందో లేదో చూశాను."

"నీ కొడుకు ఆడాలని నీకు లేదా?"

రొజాలియా నడుంమీద చేతులు పెట్టుకుంది. "ఉంది. ఎందుకుండదు? బల్లమీద కూర్చుని కూర్చుని వాడి లాగు అరిగిపోయింది. అంతమాత్రాన ఫైనల్లో పొడుస్తానా పెద్దమ్మా? పొడిచేదాన్నయితే నవంబరులోనే పొడిచేదాన్ని!"

అందరూ నవ్వేశారు. ఆ మాట కొట్టెయ్యడానికి వీల్లేకపోయింది.

నాయనమ్మ చూపు హెన్రికమీదికి తిరిగింది. హెన్రిక నా పక్క మగ్గం పిల్ల. పొడుగాటి మెడ, చిన్నమాటకే ఎర్రబడే చెవులు.

"నీకు మావాడిమీద ఏమన్నా కోపమా?"

"నాకెందుకు కోపం?" అంది హెన్రిక. చెవులు భగ్గుమన్నాయి.

"అయితే ఒట్టెయ్యండి. అందరూ." నాయనమ్మ గోడమీది నల్లమాత పటం, మేం కొలిచే నల్లముఖపు దేవమాతది, దించి బల్లమీద నిలబెట్టింది. "ముందు నేనే వేస్తాను, నన్నెవరూ వేలెత్తి చూపకుండా. తల్లీ, నా మనవడి కాలుమీద నా సూది పడితే ఈ చెయ్యి పడిపోవాలి."

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చి చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఒక్కరు కూడా తడబడలేదు. నాయనమ్మ పటాన్ని గోడకి తగిలిస్తూ గొణిగింది, "వీళ్ళలో ఒకత్తి నరకానికి పోతోంది. నా చేత్తో బండి ఎక్కిస్తాను."

*

సోమవారానికి వీధి వీధంతా మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏం లుద్విక్, ఈస్ట్ బారోలో ఇల్లు చూసుకున్నావా?" అని ఒకడు.

"కుంటుకుంటూ వెళ్ళకురా, రైలెక్కు!" అని ఇంకొకడు.

మంగళవారం నాన్న నల్లబడ్డ కన్నుతో గనినుంచి వచ్చాడు. ముఖం మాత్రం పండగలా ఉంది.

"బొగ్గు పెళ్ళ పడిందా?" అని అడిగాను.

"కాదు, కొవాల్‌గాడి పిడికిలి. నా కొడుకుని అమ్ముడుపోయాడంటాడా? వాడికి రెండు పడ్డాయిలే. ఆ క్యాబేజీలు ఇటు తే, చెయ్యి మంచి ఊపుమీదుంది."

లుద్విక్ నవ్వాడు. కానీ ఆ వారం వాడు ఈల వెయ్యలేదు. బుధవారం వాడు గని బూట్లకి నూనె రాస్తూ కనిపించాడు.

మర్నాడు మిల్లులో మగ్గాల మోతలో హెన్రిక నా చెవి దగ్గరికి వంగింది.

"ఒక మాట చెబుతాను. ఎవరితోనూ అనకు."

"పొడిచింది నువ్వేనా?"

"ఛీ! నేను మూలలో ఉన్నా సూది తియ్యను. తీస్తే ఆట చూడ్డం ఎలా?" ఎవరి ఆటో నేనడగలేదు. "వాడు అరిచాడు చూడు, అప్పుడు వెనక్కి తిరిగాడు. తిరిగి... ఫెల్కా, వాడి ముఖం కోపంగా లేదు. ఆశ్చర్యపోయాడు. తర్వాత నవ్వు ఆపుకున్నట్టు పెదవి కొరుక్కున్నాడు. ఎవరో వాడికి తెలుసు."

"తెలిసీ చెప్పకుండా ఉంటాడా? వాడి బతుకు పోతుంటే?"

"అదే నాకూ అర్థం కావడంలేదు," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మగవాడు తన బతుకు పణం పెట్టి ఎవరి పేరు దాస్తాడు? నాకు ఒక్క జవాబే తోచింది. అది నా ఎదురుగానే నిలబడి ముక్కు చీదుతోంది.

ఆ సాయంత్రం నేరుగా అడిగేశాను. "హెన్రికని కాపాడుతున్నావా?"

లుద్విక్ బూటు కింద పడేసి పగలబడి నవ్వాడు. "హెన్రికా? నన్ను పొడవాలంటే తను ముందు నా ముఖంమీదనుంచి చూపు తియ్యాలి. వదిలెయ్ అక్కా."

"వదలను."

"వదలవని తెలుసు. నాయనమ్మ పెంచింది నిన్ను," అని బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

నాయనమ్మ పొయ్యి దగ్గర అట్లు తిప్పుతోంది. ఆ వారం వాడికి మామూలుకన్నా రెట్టింపు పెట్టేది, దుఃఖానికి అట్టే మందని. ఒక అట్టు చేత్తోనే మడిచి, వాడి వెనకగా వచ్చి, భుజంమీదుగా అందిస్తూ, "ఇందా!" అంది.

లుద్విక్ ఎగిరి పడ్డాడు. కుడికాలు బల్లకింద టక్కున పైకి లేచింది. బల్ల కదిలి ప్లేటు కింద పడి ముక్కలైంది.

"ఏంట్రా, దయ్యమా నేను?" అంది నాయనమ్మ, అట్టు గాలిలో పట్టుకునే.

"వేడిగా ఉందనుకున్నా," అన్నాడు వాడు.

అట్టు ఇంకా వాడికి తగలనేలేదు. నేను వాడి వంక చూశాను. వాడు నా వంక చూడలేదు. వంగి ప్లేటు ముక్కలు ఏరాను.

*

పెరట్లో చేతిపంపు దగ్గర పట్టుకున్నాను వాణ్ణి. మంచు కురుస్తోంది.

"'ఇందా' అని వినపడిందా ఆ రోజు?"

పంపు కొడుతూనే ఉన్నాడు. బాల్చీ నిండి పొర్లింది.

"చెవి దగ్గరే," అన్నాడు. "అట్టు ఇచ్చేటప్పుడు ఎలా అంటుందో అచ్చం అలాగే. ఆ క్షణంలో నేను చెయ్యి చాపాను అక్కా, తినడానికి. నిజం! సూది దిగాక అరిచాను."

నవ్వాపుకోలేకపోయాం ఇద్దరం. తర్వాత వాడే నవ్వు ఆపాడు.

"ఆవిడకి వైపులు మారతారని తెలీదు. ఎప్పుడూ సగం ఆటకి లేచిపోయేదిగా. ఆ రోజు ఫైనలని నీళ్ళ పని నాన్నకి చెప్పి ఉండిపోయింది. ఆవిడ లెక్కలో ఆ బుట్ట దగ్గర బంతెత్తినవాడు శత్రువు. పొగలో ముఖాలు నాకే ఆనవు, ఇక ఆవిడకేం ఆనుతాయి?"

"అయితే ఆవిడకి చెప్పొచ్చుగా! తెలియక చేసింది."

"శనివారం అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఆదివారం ఒట్టేసింది. నల్లమాత మీద, ఊరి ఆడవాళ్ళందరి ముందు, చెయ్యి పడిపోవాలని. ఇప్పుడు తెలిస్తే ఆవిడ మళ్ళీ గుడి మెట్టెక్కుతుందా? అన్నం తింటుందా?" బాల్చీ ఎత్తాడు. "బంతాట ఇవాళుంటుంది, రేపు పోతుంది. గని ఎక్కడికీ పోదు, ఎప్పుడైనా దిగొచ్చు. నాకు మాటియ్యి. నీ నోట ఆవిడ పేరు రాకూడదు."

"నా నోట రాదు," అన్నాను.

ఆ మాట ఇచ్చేటప్పుడే ఎలా దాటాలో ఆలోచిస్తున్నాను. వాడన్నట్టు, నన్ను పెంచింది నాయనమ్మే.

*

శనివారం. నలభై రోజుల ఉపవాసాలకి ముందు ఆఖరి శనివారం. గుమ్మం దగ్గర తొక్కిసలాట, వల చుట్టూ నాలుగైదు వరసల జనం, కిటికీలమీద పిల్లలు. ఈసారి నేను మేడ ఎక్కలేదు. పొయ్యి పక్క మూలలో నాయనమ్మ పీట పక్కన ఇరుక్కున్నాను.

"మంచిపని చేశావు," అంది ఆవిడ. "నువ్వు ఆ రొజాలియా చేతులమీద కన్నెయ్యి. నేను ఆట చూసుకుంటాను."

లుద్విక్ ఎదుటి గోడకి ఆనుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. వాడి చుట్టూ ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీ. అంత తొక్కిసలాటలో కూడా ఎవరూ ఆ జాగాలోకి రాలేదు. వచ్చింది ఒక్క హెన్రిక. మూల వదిలేసి, ఊరంతా చూస్తుండగా హాలు దాటి వెళ్ళి వాడి పక్కన నిలబడింది. చెవులు నిప్పుల్లా ఉన్నాయి.

ఆట మొదలైంది. ఫౌల్ పడితే జట్టు తరఫున ఒక్కడే బుట్టకి బంతి విసిరే రోజులవి. మా జట్టుకి ఆ ఒక్కడు లుద్విక్. ఇప్పుడు వాడి బదులు సిల్వెస్టర్ విసురుతున్నాడు. వేసినవన్నీ వలకి తగులుతున్నాయి.

"అటు కాదురా నాయనా, బుట్ట మధ్యలో ఉంది!" అని తల పట్టుకుంది రొజాలియా.

నాయనమ్మ మాత్రం మంచి ఊపులో ఉంది. ఈస్ట్ బారో వాడెవడు మా మూలకి బంతితో వచ్చినా, "ఇందా!" అని ఒకటి. "ఇందా! నువ్వూ తీసుకో!" అని మరొకటి. గెంతినవాణ్ణి చూసి మూల మూలంతా ఘొల్లుమనేది. ఆవిడ పుణ్యమాని సగమయ్యేసరికి మేం మరీ వెనకబడలేదు.

ఈల వేశారు. ఆవిడ పీటమీదనుంచి లేవబోయింది.

"ఎక్కడికి నానమ్మా?"

"నీళ్ళు..." అని ఆగింది. కాగినా వాటిలో మునిగేవాడు ఇవాళ ఆడటంలేదని గుర్తొచ్చింది కాబోలు. మళ్ళీ కూర్చుంది. ముఖం వాడిపోయింది.

రెండో సగం మొదలైన కాసేపటికే సిల్వెస్టర్ బంతి పట్టుకుని మా మూలకి దూసుకొచ్చాడు. వలకి వీపు ఆనించి చేతులెత్తాడు. నాయనమ్మ చెయ్యి టోపీ దగ్గరనుంచి మెరుపులా కిందికి దిగింది.

మణికట్టు పట్టుకున్నాను.

"వదలవే! వేసేస్తాడు!"

"వెయ్యనీ నానమ్మా. వాడు మనవాడు. సిల్వెస్టర్."

"మనవాడికి ఈ బుట్టతో ఏం పని?"

"సగమయ్యాక వైపులు మారతారు."

"ఎవరు?"

"రెండు జట్లూ."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ అంతే."

సిల్వెస్టర్ వేశాడు. పడలేదు. హాలు ఉస్సూరంది. నాయనమ్మ అదేదీ వినలేదు. ఆ బుట్టవంక చూసింది, హాలు ఆ చివరి బుట్టవంక చూసింది, మళ్ళీ ఈ బుట్టవంక చూసింది.

"పోయిన శనివారం కూడానా?" అంది.

"ఆఁ."

ఆవిడ సూది ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ దానిమీద పెట్టింది.

"వాడికి తెలుసా?"

"నువ్వు 'ఇందా' అన్నావుగా. విన్నాడట."

"వారం రోజులు," అంది నాయనమ్మ మెల్లిగా. "వారం రోజులు నా అట్లు తిని, ఊరు చేత మాటలు పడి, నోరు మెదపలేదు వెధవ." కుడిచెయ్యి పైకెత్తి, తిప్పి చూసుకుంది. వేళ్ళు ముడిచి విప్పింది. "ఒట్టు వేసినప్పుడు నాకు తెలీదని ఆ తల్లికి తెలుసు. లేకపోతే ఈ చెయ్యి ఈపాటికి పడిపోయేది. ఇప్పుడు తెలిశాక ఊరుకుంటే మాత్రం పడిపోతుంది."

ఆ తర్వాతి సంగతులు డ్రమ్‌లీలో అడక్కుండానే అందరూ చెబుతారు. లుద్విక్ జరెంబా మడమదాకా ఉన్న కోటు వదిలించుకుని లోపలి బట్టలతోనే వలలోకి దూకడం, తువ్వాలు చుట్టుకున్నా సరే ఆడమని క్విగ్లీ అరవడం, వాడు విసిరిన ఫౌల్ త్రోలు ఒకదాని వెంట ఒకటి బుట్టలో పడటం, పిస్తోలు పేలాక వల సందులోంచి హెన్రిక వాడికి ముద్దు పెట్టడం, వల తీగలు ఆమె ముక్కుమీద గళ్ళు గళ్ళుగా అచ్చు పడటం. ఎవరు చెప్పినా అక్కడినుంచే మొదలెడతారు. నేను మాత్రం దానికి ముందు నిమిషం దగ్గర ఆగిపోతాను.

మాకు ఫౌల్ వచ్చింది. సిల్వెస్టర్ గీతమీద నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. అప్పుడు నాయనమ్మ పీట ఎక్కి నిలబడి, ఇనప వలని రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఆ మూలనుంచి ఈ మూలదాకా వల గణగణమంది.

"ఆట ఆపండి!"

క్విగ్లీ పరిగెత్తుకొచ్చాడు. "జరెంబా అమ్మగారూ, దిగండి! మన ఫౌల్ ఇది!"

"ఫౌలు సరే. పేరు కావాలన్నావుగా నువ్వు? నలుగురూ వినేలా?"

హాల్లో చుట్టలు కాల్చేవాళ్ళు కూడా పొగ బిగబట్టారు.

"దొరికిందా పెద్దమ్మా?" అంది రొజాలియా. "ఎవత్తె అది?"

"దొరికింది. పాపిష్టిది. గుడ్డిది. మన మూలలోనే కూర్చుంది."

ఆడవాళ్ళు ఒకరినుంచి ఒకరు జరిగారు. ఎదుటి గోడ దగ్గరనుంచి లుద్విక్ గొంతు వినబడింది. "నానమ్మా! వద్దు! నాకు అక్కర్లేదు!"

"నువ్వు నోర్ముయ్యి. కోటు విప్పు."

ఆవిడ సూదిని తల వైపు ముందుకు తిప్పి, వల సందులోంచి క్విగ్లీకి అందించింది. ఆయన దాన్ని పుచ్చుకున్నాడు, ఏం చెయ్యాలో తెలియక టోపీ తీశాడు. పట్టు లేని నాయనమ్మ టోపీ ఒక చెవిమీదికి జారింది. సర్దుకోలేదు. నడుం నిటారుగా పెట్టి, మేడమీద ఆఖరి వరసకి కూడా వినబడేంత గొంతుతో, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పింది.

"వైపులు మారతారని తెలీక నా మనవణ్ణి పొడిచింది నేను. అపొలోనియా జరెంబాని!"